గుణుపురం గొంతూ మంగళంపల్లి గొంతూ ఒకే అష్టపదిలో

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారూ, గుణుపురంలో పుట్టిన గాయకుడు రఘునాథ్ పాణిగ్రాహిగారూ కలిసి ఒక అష్టపది పాడి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ ఇది. జయదేవుడి గీతగోవిందంలో సాధారణంగా ఎనిమిది చరణాలుండే పాటే అష్టపది. ఆ ఊహ రేడియో దగ్గర మొదలైంది. ఒడిశాలోని బరంపురం తెలుగు వీధుల్లో రేడియో పెట్టెను ఎటు పడితే అటు పెట్టేవారు కాదు. మీడియం వేవ్ పెట్టె లోపల వేలెడంత లావున నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఒకటి అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ కడ్డీ మొన స్టేషన్ వైపు చూసిందా, పాట నీరసించిపోతుంది. కడ్డీ నడుం స్టేషన్ వైపు తిరిగితే నిండుగా పలుకుతుంది. బరంపురం నుంచి విశాఖపట్నం నైరుతిన, కటకం (కటక్) ఈశాన్యాన, ఇంచుమించు ఒకే గీత మీద ఎదురెదురుగా ఉంటాయి. అంచేత పెట్టె ముఖాన్ని ఈశాన్యానికో నైరుతికో తిప్పి గూట్లో ఒకసారి కుదురుగా పెట్టేస్తే రెండు స్టేషన్లూ సమానంగా అందేవి. ఇంక కదపాల్సింది ముల్లునే. విశాఖ 927 కిలోహెర్ట్జ్, కటకం 972. అంకెలు తారుమారు, అంతే తేడా. డయల్ మీద అది గోరంత దూరం.

తెల్లవారుజామున విజయవాడ కూడా వచ్చేది, 837 మీద. పగలు మీడియం వేవ్ నేల వెంట మాత్రమే పాకుతుంది. రాత్రి అయితే ఆకాశంలో పైపొరను తాకి దూరాన దిగుతుంది. పొద్దెక్కాక కింది పొర ఆ తరంగాన్ని పీల్చేసుకుంటుంది. చలికాలంలో సూర్యోదయం ఆలస్యం గనుక భక్తిరంజని సగం దాకా నికరంగా వినిపించేది. వెలుగు వచ్చేకొద్దీ గొంతు దూరం జరిగి, గరగరలో కలిసిపోయేది. ఆ గొంతు బాలమురళిగారిదైతే మాత్రం చెవి పెట్టెకు ఆనించి చివరి మాట దాకా విడిచిపెట్టేవారు కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ కేంద్రంలో ఉండగా భక్తిరంజనిని తీర్చిదిద్దారన్నది రేడియో ఉన్న ప్రతి తెలుగింటికీ తెలిసిన మాటే.

సాయంత్రం ముల్లు కటకం వైపు జరిపితే రఘునాథ్ పాణిగ్రాహిగారి గీతగోవిందం. ఆ ముల్లు అటూ ఇటూ తిరిగిన ఊళ్లలోనే, అంటే బరంపురం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడల్లోనే, ఈ కోరిక పుట్టింది. ఈ రెండు గొంతులూ ఒకే అష్టపదిలో కలిస్తే ఎలా ఉంటుంది? ఏ అష్టపది? ఏ రాగం? ఎవరు ఎత్తుకోవాలి?

పడమటి దేశాల్లో శాస్త్రీయం నేర్చిన గొంతు జనరంజకమైన పాటలోకి వస్తే దానికి క్లాసికల్ క్రాసోవర్ అని పేరు పెట్టారు. 1996లో ఆండ్రియా బొచెల్లీ, సారా బ్రైట్‌మన్ కలిసి పాడిన యుగళం దానికి గుర్తుగా నిలిచింది. మన దగ్గర ఆ పని పేరు లేకుండానే జరిగింది. బాలమురళిగారు 1963లో నర్తనశాలలో, 1965లో ఉయ్యాల జంపాలలో, 1982లో మేఘసందేశంలో పాడారు. కచేరీ గొంతును ఏమాత్రం తగ్గించుకోకుండా సినిమా పాటలో ఎలా ఇమడాలో ఆ పాటలు వింటే తెలుస్తుంది.

రఘునాథ్‌గారి సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు, అదే మా వైపు వాళ్లకు బాధ. ఆయన గుణుపురంలో 1932లో పుట్టారు. తండ్రి నీలమణి పాణిగ్రాహిగారు గీతగోవింద గాయకులు, కొడుక్కి ఆ పాట ఇంట్లోనే అబ్బింది. మద్రాసు వెళ్లి సినిమాలకు పాడారు. 1956 నాటి ఇలవేల్పులో చందమామను పిలిచే పాట ఉంది కదా, సుశీల, లీలగార్లతో పాటు వినిపించే ఆ మగ గొంతు ఆయనదే. 1959 నాటి జయభేరిలో పెండ్యాలవారు కల్యాణిలో కట్టిన ‘మది శారదాదేవి మందిరమే’లో ఘంటసాల, పి.బి. శ్రీనివాస్‌లతో కలిసి మూడో గొంతు ఆయనదే. ఆ పాట వచ్చినప్పుడల్లా మా ఊళ్లలో ఒక పెద్దాయన లేచి వాల్యూమ్ పెంచడం, ‘ఇదిగో, ఇప్పుడు మనూరాయన’ అనడం రివాజు. ఘంటసాలవారి గొంతు పక్కన నిలబడి చిన్నబోకుండా ఉండడం ఎంత కష్టమో పాడేవాళ్లకు తెలుసు. సన్నగా, తీయగా, పై షడ్జం (స) దగ్గర ఏమాత్రం బిగుసుకోకుండా పలికే గొంతు అది.

ఆ తర్వాత ఆయన సినిమా పాటను వదిలేశారు. భార్య సంయుక్తా పాణిగ్రాహి ఒడిస్సీ నాట్యానికి తన గొంతు ఇచ్చారు. ఆవిడ బరంపురం ఆడపడుచు, 1944లో పుట్టారు. సంయుక్తగారు 1997లో, రఘునాథ్‌గారు 2013లో, బాలమురళిగారు 2016లో వెళ్లిపోయారు.

ఇక పాట సంగతి. నౌపడ నుంచి గుణుపురం దాకా రెండున్నర అడుగుల గేజు చిన్న రైలు నడిచే రోజుల్లో ఈ చర్చకు కావలసినంత తీరిక దొరికేది. పర్లాకిమిడిలో ఎత్తుకున్న అష్టపది కాశీనగరం వచ్చేలోపు ఎనిమిది చరణాలూ అయిపోయేది, వంశధార గాలి తగిలేసరికి వాదన మొదలయ్యేది. 2004లో గేజు మార్పిడికని ఆ రైలు ఆపారు. తర్వాత పెద్ద రైలు వచ్చింది గాని, అంత నింపాదిగా పాడుకునే ప్రయాణం పోయింది.

మొదట అందరూ చెప్పేది ‘లలిత లవంగ లతా’. పుస్తకంలో జయదేవుడు దానికి వసంత రాగమని రాశాడు గనుక వసంతలో పాడిస్తే సరి అంటారు. సరి కాదు. కర్ణాటక వసంతలో పంచమం (ప) లేదు, మధ్యమం (మ) శుద్ధం, అంటే కింది మెట్టుది. ఉత్తరాది బసంత్ పూర్వీ జాతిది, అందులో తీవ్ర మధ్యమం, అంటే పై మెట్టు మ, ఉండాలి. పేరు ఒకటే, దారులు వేరు. ఇద్దరు గాయకులు వసంత అనుకుని కూర్చుంటే రెండో వాక్యానికే మధ్యమం దగ్గర ఢీకొంటారు. భైరవి కూడా అంతే. ఉత్తరాది భైరవి మెట్లు మన తోడివి, మన భైరవిలో రెండు ధైవతాలు (ద). పుస్తకంలో రాగం పేరు చూసి రెండు సంప్రదాయాలను కలపబోతే ఇదే చిక్కు. 12వ శతాబ్దం నాటి రాగం పేరు మిగిలింది గాని నడక మారిపోయింది.

రెండో చిక్కు మాట ఎవరిదన్నది. 19వ అష్టపది కృష్ణుడు రాధను బతిమాలేది, 17వది రాధ కృష్ణుణ్ణి పొమ్మనేది. వాటిని ఇద్దరు మగవాళ్లు చరణం చరణంగా పంచుకుంటే ఒక మనిషి మాట రెండు నోళ్లలో పడి భావం చెదురుతుంది. ఒకరు రాధ, ఒకరు కృష్ణుడు అనడం ఇంకా ఎబ్బెట్టు. కాబట్టి కథ చెప్పే మనిషి పాట కావాలి. అలాంటిది 11వ అష్టపది, ఐదో సర్గలో సఖి రాధ దగ్గరికి వచ్చి, యమున ఒడ్డున ఆయన నీకోసం కూర్చున్నాడు, ఆలస్యం చెయ్యకు అని తొందరపెట్టే ‘ధీర సమీరే యమునా తీరే’. కబురు ఇద్దరు చెప్పినా కబురే. రైల్లోనైనా టీకొట్టు దగ్గరైనా వాదన చివరికి ఇక్కడికే వచ్చి ఆగేది.

దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం ఛందస్సులో ఉంది. వేళ్లు మడిచి లెక్కపెట్టండి, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ‘ధీర సమీరే’ ఎనిమిది మాత్రలు. ‘యమునా తీరే’ ఎనిమిది. మొత్తం పదహారు. ఆ తర్వాత ‘వసతి వనే వనమాలీ’ పన్నెండే. ఈ అష్టపది పొడుగునా ఇదే కొలత, పదహారు, పన్నెండు. తాళం జయదేవుడు చెప్పిన ఏకతాళే పెట్టుకోవచ్చు. ఒడిశీ సంగీతంలో ఏకతాళి నాలుగు మాత్రలు, కర్ణాటకంలో చతురస్ర ఏకతాళం నాలుగు అక్షరాలు, ఎక్కడా పేచీ లేదు. మాత్రకు ఒక అక్షరం చొప్పున వేస్తే పదహారు నాలుగు ఆవర్తాల్లో, అంటే తాళం నాలుగు చుట్లలో, సరిపోతుంది. పన్నెండు మూడు ఆవర్తాల్లో అయిపోతుంది. నాలుగో ఆవర్తం ఖాళీ. అందులో మాట లేదు, ‘మాలీ’ ఈకారం మీద సాగే గొంతు ఒక్కటే ఉంటుంది.

ఆ ఖాళీ ఆవర్తమే యుగళానికి గుమ్మం. ఒకాయన ‘వనమాలీ’ని సాగదీస్తుండగా రెండో ఆయన ఆ నాలుగు మాత్రల్లో లోపలికి రావాలి. మొదటి మాత్రలోనే వచ్చాడా, సాగుతున్న గొంతును తొక్కేసినట్టు ఉంటుంది. నాలుగో మాత్ర దాటితే సమం, అంటే తర్వాతి చుట్టు మొదటి దెబ్బ, తప్పుతుంది. మూడో మాత్ర దగ్గర చిన్న అకారంతో ఎత్తుకుని సమానికి మాట వెయ్యడం సరైన పద్ధతి. భజన గోష్ఠుల్లో ఇద్దరు మార్చి మార్చి పాడేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఖాళీ ఉందని తెలియక, పన్నెండో మాత్ర అవగానే తర్వాతి చరణం అందుకుంటారు. మద్దెల వేసే మనిషి ఒక ఆవర్తం వెనక మిగిలిపోతాడు, తర్వాత ఎంత సర్దుకున్నా అతకదు.

రాగం కల్యాణి. ఒడిశీలో కల్యాణ, ఉత్తరాదిలో యమన్, మనకు కల్యాణి, మెట్లన్నీ ఒకటే. పైగా ఇద్దరూ సినిమాలో కల్యాణి పాడినవాళ్లే. రఘునాథ్‌గారిది జయభేరి పాట, బాలమురళిగారిది మేఘసందేశంలో కల్యాణి పేరు పెట్టుకునే మొదలయ్యే పాట. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే చాలావరకు తెలిసిపోతుంది. షడ్జమ పంచమాలు వదిలేసి ‘ని రి గ మ ద ని’ అని ఎక్కే పట్టు రెండు సంప్రదాయాల్లోనూ ప్రాణం లాంటిది. ఇద్దరూ కలిసే చోట్లన్నీ ఆ పట్టు మీద కట్టాలి. తేడా వచ్చేది గాంధార నిషాదాల (గ, ని) దగ్గర. మన కల్యాణిలో అవి ఊగుతాయి, అటువైపు నిటారుగా నిలబడతాయి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు నిలబెడితే శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది, తప్పు ఎవరిదీ కాకపోయినా. కాబట్టి కలిసి పాడే ధ్రువపదంలో, అంటే ప్రతి చరణం తర్వాత పల్లవిలా తిరిగి వచ్చే పాదంలో, గాంధారం నిటారుగా, ఎవరి చరణంలో వారిది వారి ఇష్టం. కర్ణాటక విద్వాంసుల్లో బాలమురళిగారి గమకం (స్వరాన్ని ఊపడం) తేలిక, స్వరాన్ని అనవసరంగా కుదిపే అలవాటు లేదు. మరొకరైతే ఈ ఊహ ఇంత దూరం వచ్చేది కాదు. ఉత్తరాది గొంతుతో కలవడం ఆయనకు కొత్త కూడా కాదు, భీమ్‌సేన్ జోషిగారితో జుగల్‌బందీలు పాడారు.

శ్రుతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హార్మోనియం మీద మొదటి తెల్ల మెట్టు ఒకటి, పక్క నల్ల మెట్టు ఒకటిన్నర, మగ గొంతులు చాలావరకు ఈ రెంటి మధ్యే. ఇద్దరు మగవాళ్ల పాటలో ఉండే సుఖం ఇదే. ఆడ గొంతు, మగ గొంతు అయితే ఒకరు ఇబ్బంది పడక తప్పదు. ఒకటిన్నరకు కట్టుకుంటే రఘునాథ్‌గారి పై షడ్జం మెరుస్తుంది, బాలమురళిగారి మంద్ర పంచమానికీ ఏ లోటూ రాదు.

ఉచ్చారణ మాత్రం పెద్ద సంగతి. ఒడియా నోట అకారం గుండ్రబడి ఒకారం వైపు పోతుంది, వకారం బకారమవుతుంది, మాట మొదట్లో యకారం జకారమవుతుంది. మనం ‘యమునా తీరే వసతి వనే వనమాలీ’ అంటే, పూరీ వైపు అదే ‘జొమునా తీరే బొసొతి బొనే బొనొమాళీ’. తెలుగువాళ్లు ఇది విని తప్పు అంటారు. తప్పు ఎలా అవుతుంది? 1499లో ప్రతాపరుద్ర గజపతి పూరీ గుడి ద్వారం దగ్గర శాసనం వేయించాడు, నాట్యవేళ గీతగోవిందం తప్ప వేరే పాట పాడకూడదని. అయిదు వందల ఏళ్లకు పైగా స్వామి చెవిన పడుతున్న ఉచ్చారణ అది. కాకపోతే రెండు గొంతులు ఒకేసారి ఒకటి యకారం, ఒకటి జకారం పలికితే మాట మొదలు చీలిపోయి రెండుసార్లు దెబ్బ వేసినట్టు వినిపిస్తుంది. ఎవరి చరణం వారి నోటిలా పాడి, కలిసి పాడే ధ్రువపదానికి ఒక పలుకు ఖాయం చేసుకోవాలి. గుణుపురం మనిషికి రెండూ వచ్చు గనుక సర్దుకోగలిగింది ఆయనే. తెలుగు సినిమా పాటలో ఆయన పలుకు వినండి, ఎక్కడైనా ఒడియా వాసన దొరుకుతుందేమో చూడండి.

ఒక చక్కని సంగతి చెప్పాలి. ళకారం విషయంలో మాత్రం మనమూ వాళ్లూ చుట్టాలం. నాగరి లిపిలో ప్రలయ అని లకారంతో ఉన్న మాట మనకూ ప్రళయమే, వాళ్లకూ ప్రళయమే. వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి లలితను కూడా లళిత చేశారు.

వాద్యాల్లో మృదంగం ఒక్కటీ పెట్టినా, ఒడిశీ మర్దళ ఒక్కటీ పెట్టినా చాలు, రెండూ వద్దు. మద్దెల, మర్దళ ఒకే మాటకు రెండు రూపాలు, పక్కపక్కన మోగితే ఒకదాని గుమికీ (ఎడమ చేతి లోతు నాదం) ఇంకోదానిలో మునిగిపోతుంది. నడుమ వేణువు ఒకటి. బాలమురళిగారు వయోలా కూడా వాయించేవారు గనుక రెండో చరణం ముందు దానికి చోటు ఇవ్వాలని కొందరి పట్టుదల.

చరణాలు ఎవరెవరికి? ఇద్దరిలో ఒకే గుణం కనిపిస్తుంది, ఒకే పాదాన్ని పట్టుకుని చాలాసేపు ఉండగలగడం. బాలమురళిగారిది కచేరీ నెరవు, అదే మాటలు, అదే తాళం చోటు, స్వరం మాత్రం ప్రతిసారీ కొత్తగా. రఘునాథ్‌గారిది నాట్యం నేర్పిన ఓపిక. నర్తకి ఒక పాదానికి పది భావాలు చూపిస్తుంటే గాయకుడు ఆ పాదాన్ని పదిసార్లు, ఆమె కన్ను ఎటు తిరిగితే అటు వంచి పాడాలి. ఈ రెండు విద్యలూ ఢీకొనకుండా కలిసే చోటు మూడో చరణం, ‘పతతి పతత్రే విచలతి పత్రే’. పిట్ట ఎగిరి వాలినా, ఆకు కదిలినా నువ్వే వస్తున్నావనుకుని ఉలిక్కిపడి పానుపు సర్దుతాడు, నీ దారివైపు చూస్తాడు. ఇక్కడ ఇద్దరూ అరపాదం అరపాదంగా మార్చుకోవాలి. ‘పతతి పతత్రే’ ఒకరు, ఎనిమిది మాత్రలు. ‘విచలతి పత్రే’ ఇంకొకరు, ఎనిమిది మాత్రలు. పిట్ట ఒకవైపు, ఆకు ఒకవైపు. ‘శంకిత’ దగ్గర ఇద్దరూ ఒక్కసారిగా ఆగాలి, ఉలికిపాటు అక్కడే. నాలుగైదు సార్లు తిప్పి, ప్రతిసారీ ఒక మెట్టు పైకి. అంతకు మించితే సఖి తొందరపెడుతోందన్న సంగతి మరుగున పడిపోతుంది.

నిడివి కూడా లెక్కవేసినవాళ్లు ఉన్నారు. నిమిషానికి 120 మాత్రల నడకలో ఖాళీలతో సహా ఒక పాదం 32 మాత్రలు, 16 సెకన్లు. చరణానికి రెండు పాదాలు, ధ్రువపదం ఒకటి, మొత్తం 48 సెకన్లు. ఎనిమిది చరణాలకు ఆరు నిమిషాల 24 సెకన్లు, ఒక్క పాదం కూడా మళ్లీ తిప్పి పాడకుండా. పాత 78 రికార్డులో ఒక వైపు మూడున్నర నిమిషాలకు మించదు గనుక నాలుగు చరణాలే పడతాయి. ఒకటి, రెండు, మూడు, ఆఖరిది. మూడో చరణాన్ని పైన చెప్పినట్టు తిప్పాలంటే 78 చాలదు, ఎల్పీ కావాలి.

రికార్డు ఎలాగూ లేదు కాబట్టి, క్యాసెట్లు వచ్చాక కొందరు ఆ యుగళాన్ని అతికించుకున్నారు. డబుల్ డెక్ టూ-ఇన్-వన్ ఉంటే పని జరిగేది. బాలమురళిగారి అష్టపది ఒక క్యాసెట్టు, రఘునాథ్‌గారిది ఇంకోటి, ఖాళీది సీ-60. సీ-120 వాడకూడదు, టేపు పలచన, చక్రానికి చుట్టుకుపోతుంది. ముందు రెండు క్యాసెట్ల శ్రుతి హార్మోనియం మెట్టుతో పోల్చి చూసుకోవాలి. అర శ్రుతి తేడా ఉంటే వాయించే డెక్కు మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది, సన్న స్క్రూడ్రైవరు పెట్టి కొద్దికొద్దిగా తిప్పాలి. అర శ్రుతి పెరగాలంటే వేగం వందకు ఆరు వంతులు పెరగాలి. చిక్కేమిటంటే శ్రుతితో పాటు నడకా పెరుగుతుంది. 120 మాత్రలు 127 అవుతాయి, రెండో గొంతు రాగానే ఎవరో వెనకనుంచి తోసినట్టు పాట పరిగెత్తుతుంది. గొంతు కూడా సన్నబడుతుంది. ఒక శ్రుతి పూర్తిగా మార్చబోతే మనిషే మారిపోతాడు. అంచేత అర శ్రుతికి మించి తేడా ఉన్న క్యాసెట్లు పక్కన పెట్టేయడమే మేలు.

అతికే చోటు మళ్లీ ఆ ఖాళీ ఆవర్తమే. స్టాప్ నొక్కితే ‘టక్’మని మచ్చ పడుతుంది, పాజ్‌తోనే ఆపాలి. పాజ్ వదిలాక టేపు పూర్తి వేగం అందుకోవడానికి క్షణం పడుతుంది, ఆ క్షణంలో పడిన స్వరం కింది నుంచి ‘వీ’మని జారుతూ వస్తుంది. అందుకని సమానికి ఒక మాత్ర ముందే, అంటే అర సెకను ముందే వదలాలి. జారుడంతా ఖాళీలో పోతుంది, మాట శుభ్రంగా పడుతుంది. రబ్బరు బెల్టు వదులైతే మాత్రం ఎంత జాగ్రత్తపడినా రెండో చరణానికి శ్రుతి దిగిపోతుంది, ముందు బెల్టు మార్చుకోవాలి. హెడ్డును స్పిరిట్ దూదితో తుడవాలి. కాపీకి కాపీ తీస్తే బుసబుస రెట్టింపవుతుంది, ఎవరైనా అడిగితే మళ్లీ మూలం నుంచే అతికి ఇవ్వాలి. పని అయ్యాక మోటారు స్క్రూ మళ్లీ యథాస్థానానికి తిప్పాలి, లేకపోతే మర్నాడు ఇంట్లో ఘంటసాలవారు కూడా అర శ్రుతి పైన పాడతారు.

ఇప్పుడైతే నడక మారకుండా శ్రుతి ఒక్కటే మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ పని పది నిమిషాల్లో అవుతుంది. అయినా అది చరణం పక్కన చరణమే. ధ్రువపదంలో రెండు గొంతులూ ఒకరినొకరు విని, ఒకరి ఊపిరికి ఇంకొకరు ఆగి పాడడం ఏ అతుకుతోనూ రాదు. ఆ ముక్క ఊహించుకోవలసిందే.

ఆఖరి చరణం, జయదేవుడి పేరు వచ్చే ముద్ర చరణం, ఎవరు పాడాలన్నదాని మీద గుణుపురంలో ఒక్కటే మాట. గీతగోవిందం ఇంటి కొడుకు ఉండగా ఇంకొకరికి ఇవ్వకూడదు. బరంపురంలో బాలమురళి అభిమానులు కూడా దీనికి ఒప్పుకునేవారు, కాకపోతే ఒక షరతు మీద. ఆ తర్వాత వచ్చే చివరి ధ్రువపదం బాలమురళిగారు ఎత్తుకోవాలి, రఘునాథ్‌గారు ‘యమునా తీరే’ దగ్గర కలవాలి. ‘వనమాలీ’ దగ్గర రఘునాథ్‌గారు షడ్జం మీద నిలుస్తారు. బాలమురళిగారు అక్కడి నుంచి నిషాదం, ధైవతం తాకుతూ మంద్ర పంచమానికి దిగి నిలుస్తారు. తంబురా తీగలకు కట్టేవీ ఆ రెండు స్వరాలే. పన్నెండో మాత్రకు ఇద్దరూ ఆపేస్తారు, మద్దెల కూడా ఆగిపోతుంది. మిగిలిన ఆ నాలుగు మాత్రలూ తంబురాకే.